టెన్నెసీ శిక్షకురాలు

టెన్నెసీ అన్న పేరు మన దేశంలో మొదట వ్యాపించినది ఆనకట్టల మూలంగా. 1933లో అమెరికా ప్రభుత్వం టెన్నెసీ నదీలోయ అభివృద్ధికై ఒక అధికార సంస్థను నెలకొల్పినది. దానిని చూచి, చాలవరకు దాని మాదిరిగానే, 1948లో మన దేశంలో దామోదర లోయ సంస్థ ఏర్పడినది. నదులను గురించి, విద్యుచ్ఛక్తిని గురించి ఆశతో మాట్లాడుకొన్న తరం వారికి ఈ పేరు కొత్త కాదు. ఆ టెన్నెసీ సంస్థకు ప్రధాన స్థానం నాక్స్‌విల్ అనే నగరం. నేను ఇప్పుడు శ్రోతలకు చెప్పబోయే కథ కూడ ఆ నగరానికి చెందినదే. కాని ఇందులో ఆనకట్టలు లేవు. ఒక పొగాకు రైతు కుమార్తె, ఒక తోలు బంతి, ఎత్తున బిగించిన రెండు ఇనుప వలయాలు, సామగ్రి ఇంతే.

1974లో నాక్స్‌విల్‌లోని టెన్నెసీ విశ్వవిద్యాలయంలో స్త్రీల బాస్కెట్‌బాల్ జట్టుకు శిక్షకురాలుగా ఒక యువతి నియమింపబడినది. ఆమెకు అప్పటికి 22 సంవత్సరాలు. పేరు పట్రీషియా హెడ్. వివాహానంతరం పాట్ సమ్మిట్ అయినది. లోకం ఆమెను ఈ రెండవ పేరుతోనే ఎరుగును. నెలకు జీతం 250 డాలర్లు. ఆటగత్తెలలో కొందరు ఆమెకంటె ఒకటి రెండేళ్ళు మాత్రమే చిన్నవారు. జట్టు పొరుగూరు పోవలసివస్తే వాహనం నడపవలసినది ఆమె. ఆట ముగిసిన తరువాత చెమటతో తడిసిన దుస్తులు ఉతకవలసినదీ ఆమె. ఆ దుస్తులైనా విశ్వవిద్యాలయం ఇచ్చినవి కావు. అంతకు ముందు ఏడు తీపి పిండివంటలు అమ్మి, ఆ వచ్చిన డబ్బుతో కొన్నవి. డిసెంబరు 7వ తేదీన ఆమె జట్టు మొదటి ఆట ఆడి, మెర్సర్ విశ్వవిద్యాలయం చేతిలో 83-84గా, ఒకే ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయినది. ఆ తొలినాళ్ళ ఆటలలో ఒకదానికి వచ్చిన ప్రేక్షకులు 53 మంది. లెక్క ఇంత కచ్చితంగా నిలిచిపోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు. అంత కొద్దిమందిని ఎవరైనా వేళ్ళమీద లెక్కపెట్టవచ్చును.

ఈ దృశ్యం అర్థం కావాలంటే ఆట పూర్వచరిత్ర కొంత తెలియాలి. బాస్కెట్‌బాల్ చాల ఆటలవలె ప్రజలలో తనంతట తాను పుట్టి పెరిగినది కాదు. ఒక వ్యక్తి, ఒక ఊరు, ఒక నెల చెప్పగలిగిన ఆట. 1891 డిసెంబరులో మాసచూసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, వై. ఎం. సి. ఎ. శిక్షణాలయంలో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు, చలికాలంలో నాలుగు గోడల మధ్య విద్యార్థులచేత ఆడించడానికి దీనిని కల్పించినాడు. పీచు పండ్ల బుట్టలు రెండింటిని పైన మేకులతో కొట్టించినాడు గనుక ఆటకు ఆ పేరు వచ్చినది. అదే వై. ఎం. సి. ఎ. ద్వారా ఇది మన దేశానికీ చేరినది. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో స్థాపించిన వ్యాయామ కళాశాలలో తర్ఫీదు పొంది వచ్చిన డ్రిల్లు మాస్టర్లను మన జిల్లాల ఉన్నత పాఠశాలలు బాగుగనే ఎరుగును.

ఆట పుట్టి సంవత్సరమైనా తిరుగకముందే అది ఆడవారి చేతికి వచ్చినది. స్మిత్ కళాశాల అనే స్త్రీ విద్యాలయంలో వ్యాయామం నేర్పుతూ ఉండిన సెండా బెరెన్‌సన్ 1892లో దీనిని తన విద్యార్థినులకు పరిచయం చేసినది. మరుసటి ఏడు మార్చి నెలలో రెండు తరగతుల కన్యలు పోటీ ఆడినారు. చూడడానికి పురుషులను రానీయలేదు. అయితే బెరెన్‌సన్ ఆట నియమాలను మార్చినది. మైదానాన్ని మూడు భాగాలుగా గీతలు గీసి, ఎవరి భాగంలో వారే నిలవాలన్నది. ఎదుటి వారి చేతిలోని బంతిని లాగుకొనరాదు. బంతిని మూడు సెకండ్ల కంటె ఎక్కువ పట్టుకొనరాదు. మూడు సార్లకు మించి నేలకు కొట్టరాదు. స్త్రీ దేహం అలసటకు తాళదనీ, పోటీ స్వభావం స్త్రీకి తగదనీ నమ్మిన కాలమది. బెరెన్‌సన్‌ను ఇందుకై నిందించడం నాకు ఇష్టం లేదు. ఆ గీతలు గీయకపోతే ఆ రోజులలో ఆటనే నిషేధించియుందురు. కాని తాత్కాలికంగా వేసిన కంచెలు కొన్ని శాశ్వతమైపోతాయి. దాదాపు ఎనభై ఏళ్ళపాటు, ఏదో ఒక రూపంలో, ఆ గీతలు అమెరికా బాలికల కాళ్ళకు బంధాలుగా నిలిచినవి. ఆరుగురు ఆడే పద్ధతి అని దానికి పేరు. ముగ్గురు ఒక సగంలో నిలిచి బంతిని బుట్టలో వేయడానికే. ముగ్గురు రెండవ సగంలో నిలిచి అడ్డుకొనడానికే. నడిమి గీత దాటరాదు. అడ్డుకొనే పిల్ల చదువు ముగిసేదాక ఒక్కసారియైనా పోటీలో బంతిని బుట్టవైపు విసరకుండానే బడి వదలిపెట్టవచ్చును. కళాశాలలలో ఈ పద్ధతి 1971లో పోయినది. పాఠశాలలలో మాత్రం చాల రాష్ట్రాలలో నిలిచియుండినది. టెన్నెసీ వానిలో ఒకటి.

పాట్ హెడ్ 1952 జూన్ 14న టెన్నెసీలోని క్లార్క్స్‌విల్‌లో జన్మించినది. తండ్రి రిచర్డ్ హెడ్, తల్లి హేజెల్. ముగ్గురు అన్నలు, ఒక చెల్లెలు. పాడి, పొగాకు, గడ్డి వారి సేద్యం. పొగాకు రైతు ఇంట పిల్లలకు తీరిక ఎంత ఉంటుందో గుంటూరు సీమ వారికి నేను చెప్పనక్కరలేదు. ఆడపిల్ల అని తండ్రి ఆమెకు పనిలో మినహాయింపు ఇవ్వలేదు. చిన్నతనంలోనే ట్రాక్టరు నడిపినది, గడ్డి మోపులు మోసినది. అతడు మెచ్చుకోలు మాట పొదుపుగా వాడే మనిషి. అయినా ఆ ఇంటి పశువులశాల పైనున్న గడ్డి అటక మీద బుట్టలు బిగించి, దీపాలు వేలాడదీసినవాడు అతడే. పగటి పని ముగిసిన తరువాత, రాత్రులు, ఇద్దరు ఇద్దరుగా అన్నాచెల్లెళ్ళు అక్కడ ఆడేవారు. చెల్లెలని అన్నలు బంతి వదలిపెట్టలేదు. ఆమె కోరనూ లేదు.

ఆమె ఉన్నత పాఠశాలకు పోవలసిన ఈడు వచ్చేసరికి ఒక చిక్కు ఏర్పడినది. క్లార్క్స్‌విల్ పాఠశాలలో బాలికల జట్టు లేదు. అప్పుడు రిచర్డ్ హెడ్ చేసిన పని నన్ను ఆశ్చర్యపరచినది. కుటుంబాన్నంతటినీ పొరుగు జిల్లాలోని హెన్రియెటా అనే ఊరికి మార్చినాడు. అక్కడి పాఠశాలలో బాలికలకు జట్టు ఉన్నది. కుమారుని చదువుకై కాపురం మార్చిన తండ్రులను మనం చూచియున్నాము. కుమార్తె ఆటకై ఇల్లు మార్చిన పొగాకు రైతు, అందులోనూ ఎదుట ఒక్క మాట పొగడనివాడు, అరుదు.

1970లో ఆమె టెన్నెసీ విశ్వవిద్యాలయానికి చెందిన మార్టిన్ కళాశాలలో చేరినది. అన్నలు ముగ్గురూ క్రీడల మూలంగా ఉపకార వేతనాలు పొంది చదువుకొన్నారు. ఆమెకు ఆ భాగ్యం లేదు. ప్రతిభ చాలక కాదు. స్త్రీలకు అట్టి వేతనాలే అప్పుడు లేవు. తండ్రి డబ్బు కట్టి చదివించవలసి వచ్చినది. ఒకే ఇంటిలో, ఒకే అటక మీద ఆడిన పిల్లల మధ్య చట్టం చేసిన తేడా ఇది.

ఆ చట్టం 1972లో మారినది. ఆ సంవత్సరం జూన్ 23న అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన విద్యా సవరణల చట్టంలో తొమ్మిదవ శీర్షిక అని ఒక భాగమున్నది. అందులోని ముఖ్య వాక్యం ఇంగ్లీషులో 37 మాటలు మాత్రమే. కేంద్ర ప్రభుత్వ ధనసహాయం పొందే ఏ విద్యా కార్యక్రమంలోనూ స్త్రీ పురుష భేదం కారణంగా ఎవరికీ ప్రవేశం నిరాకరింపరాదన్నది దాని సారాంశం. ఎడిత్ గ్రీన్, పాట్సీ మింక్ అనే ఇద్దరు శాసనసభ్యురాండ్రు దానికై పాటుపడినారు. విశేషమేమంటే, ఆ వాక్యంలో ఆటల ప్రసక్తి లేదు. వైద్య కళాశాలలు, న్యాయ కళాశాలలు వారి దృష్టిలో ఉండినవి. ఆ 37 మాటలు మైదానాలను ఎట్లు మార్చివేయునో వ్రాసినవారు సైతం పూర్తిగా ఊహించినారనుకోను. మార్పు కూడ రాత్రికి రాత్రి రాలేదు. పాట్ హెడ్ నాక్స్‌విల్‌లో కాలు పెట్టేనాటికి చట్టం వచ్చి రెండేళ్ళయినది. దుస్తులు మాత్రం పిండివంటల డబ్బుతో కొన్నవే.

నియామకం కూడ చిత్రంగా జరిగినది. ఆమె అక్కడికి వచ్చినది వ్యాయామ విద్యలో పై పట్టాకు చదువుతూ, శిక్షకురాలికి సహాయకురాలుగా పనిచేయడానికి. అంతలో ఆ శిక్షకురాలు చదువుకై సెలవు పుచ్చుకొని వెళ్ళినది. సహాయకురాలే ప్రధానురాలయినది. అంతవరకు ఆమె ఒక్క ఆటకైనా శిక్షకురాలుగా నిలిచిన అనుభవం లేదు. పగలు తాను విద్యార్థిని, పిదప వ్యాయామ తరగతులకు ఉపాధ్యాయిని, సాయంకాలం జట్టుకు నాయిక. ఇవి చాలవన్నట్లు, అదే సంవత్సరం ఆమె మోకాలి కీలు ఆటలో దెబ్బతిన్నది. ఆట మానుకోవడం మేలని శస్త్రవైద్యుడు భావించినాడట; కాలు బాగుచేయవలసినదే, మా అమ్మాయి ఒలింపిక్స్‌కు పోవలసియున్నదని తండ్రి పట్టుబట్టినాడట. జట్టుచేత పరుగులు తీయించి, తరువాత ఒంటరిగా తానూ పరుగెత్తి, ఆమె ఆ కాలును మళ్ళీ నిలబెట్టుకొన్నది. 1976లో మాంట్రియల్ ఒలింపిక్ క్రీడలలో స్త్రీల బాస్కెట్‌బాల్ మొట్టమొదటిసారి ప్రవేశపెట్టబడినది. అమెరికా జట్టుకు ఇద్దరు నాయికలలో ఆమె ఒకతె. స్వర్ణం సోవియట్ జట్టుకు, రజతం వీరికి.

మాంట్రియల్ నుండి తిరిగివచ్చిన ఏటనే ఆమె ఒక తగవులో తల దూర్చవలసి వచ్చినది. ఆమె జీవితంలో నాకు అన్నిటికంటె ఆసక్తికరమైన ఘట్టం ఇదే. విజయాల జాబితాలలో దీనికి చోటు దొరకదు. టెన్నెసీలోని ఓక్ రిడ్జ్ అనే ఊరిలో ఒక పాఠశాల విద్యార్థిని, ఆరుగురి పద్ధతి వలన తనకు అన్యాయం జరుగుతున్నదని న్యాయస్థానానికి ఎక్కినది. ఆ పిల్ల అడ్డుకొనే స్థానంలో ఆడేది. బంతి వేయడం ఆమెకు నేర్పినవారే లేరు. కళాశాలలు అయిదుగురి ఆట ఆడుతున్నవి గనుక ఆమెను ఏ కళాశాల ఉపకార వేతనంతో తీసుకొనును? పాట్ హెడ్ ఆ పిల్ల పక్షాన సాక్ష్యమిచ్చినది. రాష్ట్రంలోని పాఠశాలల శిక్షకులలో పాత పద్ధతిని ప్రేమించినవారు చాలమంది. సాయంకాలాలు ఊరు ఊరంతా ఆ ఆట చూడడానికి కదలివచ్చే గ్రామాలున్నవి. వారి దృష్టిలో ఈమె ఇంటి గుట్టు బయట పెట్టిన మనిషి. 1976లో జిల్లా న్యాయస్థానం విద్యార్థిని పక్షాన తీర్పు చెప్పినది. మరుసటి ఏడు పై న్యాయస్థానం ఆ తీర్పును కొట్టివేసినది.

చట్టం దారి మూసుకొనిపోయినప్పుడు ఆమె మరొక దారి పట్టినది. టెన్నెసీ పాఠశాలలు పద్ధతి మార్చేవరకు తన జట్టులోకి టెన్నెసీ బాలికలను తీసుకొననని చెప్పినది. ఇది సాహసమే. రాష్ట్ర విశ్వవిద్యాలయం, రాష్ట్ర ప్రజల పన్నులు, అయినా ఆ రాష్ట్రపు పిల్లలే వద్దనడం. ఉద్యోగం పోవుటకు చాలినంత కారణం. బహుశా ఆమె వయస్సులో మరి పదేళ్ళు ఎక్కువ ఉండియుంటే అనియుండేది కాదేమో! 1979లో టెన్నెసీ పాఠశాలల సంఘం అయిదుగురి ఆటను అంగీకరించినది. అయోవాలో పాత పద్ధతి 1993 వరకు, ఓక్లహామాలో 1995 వరకు బ్రతికియుండినదని గుర్తుంచుకొంటే, నాక్స్‌విల్ నుండి వచ్చిన ఒత్తిడి విలువ తెలుస్తుంది.

ఆమెకు విజయాలు సులభంగా వచ్చినవని ఇప్పుడు వెనుదిరిగి చూచేవారు అనుకొంటారు. నిజానికి జాతీయ విజేత అనిపించుకొనడానికి పదమూడు సంవత్సరాలు పట్టినది. 1980లో అంతిమ పోటీలో ఓటమి, 1981లో ఓటమి. 1982 నుండి స్త్రీల జాతీయ పోటీలను పురుషుల క్రీడలు నిర్వహించే పెద్ద సంఘమే తన చేతిలోకి తీసుకొన్నది. 1984లో ఆ పోటీలోనూ అంతిమ ఘట్టంలో ఓటమి. పెద్ద పోటీ గెలవలేదన్న మాట అప్పుడప్పుడే ఆమె పేరుకు అంటుకొనసాగినది. ఆ 1984లోనే లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఆమె శిక్షణలో అమెరికా జట్టు స్వర్ణ పతకం గెలిచినది. సోవియట్ జట్టు ఆ ఏడు రాలేదు గనుక విజయం కొంత వెలితిదే అనవచ్చును. కాని బాస్కెట్‌బాల్‌లో ఆటగత్తెగా ఒకమారు, శిక్షకురాలుగా ఒకమారు ఒలింపిక్ పతకం చూచిన మొదటి అమెరికన్ ఆమె. ఎట్టకేలకు 1987లో ఆస్టిన్ నగరంలో లూసియానా టెక్ జట్టును 67-44గా ఓడించి టెన్నెసీ జాతీయ విజేత అయినది. తరువాత 1989, 1991, 1996, 1997, 1998, 2007, 2008. మొత్తం ఎనిమిది.

ఇన్నిసార్లు గెలుచుటకు ఆమె పాటించిన పద్ధతి ఏమి? రహస్యమేమీ లేదు, కష్టం మాత్రం చాల ఉన్నది. బుట్టలో బంతి పడడం కొంత అదృష్టమనీ, అడ్డుకొనడం, తిరిగివచ్చిన బంతిని అందుకొనడం మాత్రం పూర్తిగా మన చేతిలోని పనులనీ ఆమె సిద్ధాంతం. వానినే రేయింబవళ్ళు సాధన చేయించేది. సాధనలో తన జట్టుకు ప్రత్యర్థులుగా విశ్వవిద్యాలయంలోని మగపిల్లలను నిలబెట్టేది. తరగతి గదిలో ఆటగత్తెలు మొదటి మూడు వరుసలలోనే కూర్చోవాలి. కారణం లేకుండా పాఠం మానిన పిల్ల ఆట కూడ మానవలసినదే, ఎంతటి ప్రతిభావంతురాలైనా సరే. ఫలితం చూడండి: ఆమె వద్ద నాలుగేళ్ళ ఆట కాలం పూర్తిచేసిన ప్రతి ఆటగత్తె పట్టభద్రురాలయినది. 38 సంవత్సరాలలో ఒక్కరు కూడ తప్పలేదు. ఎనిమిది విజయాలకంటె ఈ లెక్కనే నేను పెద్దదిగా భావిస్తాను. క్రీడల పేరిట విద్యార్థులను చేర్చుకొని, కాలు విరిగిన నాడు చదువు లేకుండా వీధిలోకి పంపే విద్యాలయాలు ఆ దేశంలో కొల్లలు.

ఆమె కాఠిన్యం గురించి ఎన్నో కథలున్నవి. తప్పు చేసిన పిల్లను మాటాడకుండా నీలికన్నులతో తేరిచూచేదట. ఆ చూపుకంటె తిట్టు మేలని శిష్యురాండ్రు చెప్పుకొనేవారట. గట్టిగా కేకలు వేసేది, ఏడిపించేది. ఇది అంతా మెచ్చదగినదేనా అని నన్నడిగితే, కాదని చెప్పుతాను. శిష్యుల భయం మీద నడిచే చదువు ఎంతవరకు మంచిదో మన వీధి బడుల కాలం నుండి మనకు తెలుసును. కాని ఒక్క విషయం గమనింపదగినది. పురుష శిక్షకుడు కేక వేస్తే క్రమశిక్షణ అన్నవారే, స్త్రీ కేక వేస్తే గయ్యాళితనమన్నారు. ఆమె రెండింటినీ లెక్కచేయలేదు. పైగా ఆట వదలి ఇరవై ఏళ్ళయిన శిష్యురాండ్రు కూడ పెళ్ళికి, పురిటికి, కష్టానికి ఆమె తలుపే తట్టేవారు. భయం ఒక్కటే అయితే అట్లు జరుగదు.

పట్టుదలకు ఒక ఉదాహరణ చెప్పుతాను. ఇది కొంత నవ్వు పుట్టించేది కూడ. 1990లో జాతీయ అంతిమ పోటీలు నాక్స్‌విల్‌లోనే జరుగవలసియుండినవి. సొంత ఊరిలో ఆడాలన్న కోరికతో ఉన్న టెన్నెసీ, ఒక మెట్టు ముందు వర్జీనియా జట్టు చేతిలో ఓడిపోయినది. ఊరిలో ఉత్సవం, ఇంటివారికి ప్రవేశం లేదు. ఆ సెప్టెంబరులో ఆమె నిండుచూలాలు. అయినా ఒక మంచి ఆటగత్తెను తన జట్టుకు ఆహ్వానించడానికి విమానంలో పెన్సిల్వేనియా వెళ్ళినది. ఆ ఇంటిలో ఉండగానే నొప్పులు ఆరంభమైనవి. తిరుగు ప్రయాణంలో, దారిలో వర్జీనియాలో దిగి ఆసుపత్రికి పోదామని విమానం నడిపేవారు అన్నారు. ఆమె ఒప్పుకొనలేదు. తన బిడ్డ వర్జీనియాలో పుట్టుటకు వీలు లేదన్నది! కుమారుడు టైలర్ టెన్నెసీలోనే పుట్టినాడు. అంత శ్రమపడి చూడబోయిన ఆ అమ్మాయి, మిషెల్ మార్సినియాక్, ముందు వేరొక విశ్వవిద్యాలయంలో చేరినది. తరువాత అది విడిచి టెన్నెసీకే వచ్చి, 1996 అంతిమ పోటీలలో ఉత్తమ ఆటగత్తెగా నిలిచినది.

ఆ 1996 నుండి మూడేళ్ళు ఆమె వృత్తికి మధ్యాహ్నం. 1997లో పది ఆటలు ఓడిపోయిన జట్టు చివరకు విజేత అయినది. 1998లో షమీక్ హోల్డ్స్‌క్లా మొదలైన వారితో, 39 ఆటలు ఆడి 39 గెలిచినది. కనెక్టికట్ విశ్వవిద్యాలయపు శిక్షకుడు జీనో ఓరియెమ్మాతో స్పర్ధ కూడ 1995లోనే మొదలయినది. అతడు మాటకారి, ఈమె మాట పొదుపరి. ఆ రెండు జట్ల ఆట కొరకే దేశమంతటా టెలివిజన్‌ల ముందు జనం కూర్చోసాగినారు. 2006 జనవరిలో నాక్స్‌విల్‌లో ఆ రెండు జట్లు ఆడినప్పుడు వచ్చినవారు 24,000 పైచిలుకు. అదే సంవత్సరం ఆమె వార్షిక వేతనం పది లక్షల డాలర్లు దాటినది. స్త్రీల బాస్కెట్‌బాల్‌లో అది మొదటిసారి. పురుషుల జట్టుకు శిక్షకురాలుగా రమ్మని విశ్వవిద్యాలయం వారు ఒకటికి రెండుసార్లు కదిపి చూచినారు. అది పైమెట్టు అని ఎందుకనుకొంటున్నారని ఆమె వారిని ఎదురు ప్రశ్న వేసినది.

ఇక్కడ ఒక విషాదకరమైన విషయం చెప్పకతప్పదు. 1972లో చట్టం వచ్చేనాటికి అమెరికా కళాశాలలలో స్త్రీల జట్లకు శిక్షకులలో నూటికి తొంభై మందికి పైగా స్త్రీలే. జీతాలు లేని రోజులలో ఆ పని వారిది. చట్టం మూలంగా డబ్బు, గౌరవం వచ్చి చేరిన కొద్దీ పురుషులు ఆ ఉద్యోగాలకు రాసాగినారు. 2010 తరువాతి సంవత్సరాలలో స్త్రీల సంఖ్య సగానికి లోపుగా పడిపోయినది. ఆమె గెలిచిన ప్రతి ఆటా ఆ ఉద్యోగం విలువను పెంచినది. విలువ పెరిగిన కొద్దీ ఆ ఉద్యోగం ఆమెవంటి వారి చేయి జారిపోసాగినది. ఓరియెమ్మా ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 2013లో అతడు ఆమె ఎనిమిది విజయాలతో సమానుడయినాడు, మరుసటి ఏడే దాటినాడు. కాని బుట్టబంతి ఆడిన ఆడపిల్లకు ఆటగత్తె కాలం ముగిసిన తరువాత శిక్షకురాలుగా బ్రతికే దారి ఎంత వెడల్పుగా తెరుచుకొన్నదన్న ప్రశ్న మాత్రం మిగిలియున్నది.

2005 మార్చిలో ఆమె 880వ విజయం పొంది, డీన్ స్మిత్ అనే ప్రఖ్యాత పురుష శిక్షకుని లెక్కను దాటినది. 2009 ఫిబ్రవరిలో వేయవది. ఆ తరువాత కొంత కాలానికి ఆమెకు చిన్న చిన్న మరపులు మొదలయినవి. ఎన్నో ఏళ్ళుగా నోటికి వచ్చిన ఆట పేర్లు తట్టకపోవడం, సమావేశాల వేళలు మరచిపోవడం. 2011లో వైద్యులు పరీక్షించి, ఆల్జైమర్స్ వ్యాధి ముందుగా సోకినదని చెప్పినారు. ఆ ఏడు ఆమెకు 59 ఏళ్ళు నిండినవి. మతిమరుపు వృద్ధాప్యపు సహజ లక్షణమని మనం తలుస్తాము. కాని ఇది మెదడులోని కణాలు క్రమంగా నశించే జబ్బు. దానిని పూర్తిగా నయం చేసే మందు కనుగొనబడలేదు. ఆగస్టులో ఆమె తన జబ్బును తానే లోకానికి వెల్లడించినది. సానుభూతి వద్దన్నది. ఆ ఏడు కూడ జట్టు ప్రక్కన బల్ల మీద కూర్చున్నది. ఆట మధ్యలో సూచనలు ఎక్కువగా ఇచ్చినది సహాయకురాలు హాలీ వార్లిక్. పూర్వం ఆమె సమ్మిట్ శిష్యురాలే. జట్టు 27 ఆటలు గెలిచి, జాతీయ పోటీలో చివరి నలుగురిలోకి చేరుటకు ఒక మెట్టు ముందు ఓడిపోయినది. 2012 ఏప్రిల్‌లో ఆమె పదవి విడిచినది, వార్లిక్ ఆ స్థానంలోకి వచ్చినది. 38 సంవత్సరాలు, 1,098 విజయాలు, 208 ఓటములు. 38 సంవత్సరాలలో ఒక్క ఏడైనా గెలుపులకంటె ఓటములు ఎక్కువగా లేవు. అదే ఏడు అధ్యక్షుడు ఒబామా ఆమెకు ఆ దేశంలో పౌరులకిచ్చే అత్యున్నత పతకం బహూకరించినాడు.

జబ్బు తరువాత ఆమె ఎక్కువ కాలం జీవించలేదు. 2016 జూన్ 28న నాక్స్‌విల్‌లో, 64వ ఏట, కన్నుమూసినది.

స్త్రీల బాస్కెట్‌బాల్‌లో ఆమె 1,098 విజయాల లెక్క 2020 వరకు నిలిచినది. ఆ సంవత్సరం డిసెంబరు 15న కాలిఫోర్నియాలోని స్టాక్టన్ పట్టణంలో, స్టాన్‌ఫర్డ్ జట్టు శిక్షకురాలు టారా వాన్‌డెర్‌వీర్ 1,099వ ఆట గెలిచి దానిని దాటినది. ఆమె ఆ రాత్రి సమ్మిట్‌ను తలచుకొన్నది. కోవిడ్ వ్యాధి ప్రబలియున్న రోజులు. స్టాన్‌ఫర్డ్ జట్టును తన ఊరిలో ఆడనివ్వనందున పొరుగూరు పోవలసి వచ్చినది. ఆ భవనంలో ఆటగత్తెలు, శిక్షకులు, లెక్క వ్రాసేవారు తప్ప మరెవ్వరూ లేరు. వేల కుర్చీలు ఖాళీగా ఉండినవి.